ఉప్పు లేని కోటలో ఏడో పేరు

ఆరు పేర్లు నా దగ్గరున్నాయి. ఏడోది శత్రువు కోటలో ఉంది.

అవతల సింహకనుమలో మా అన్న కొమ్మన సగం రాయై నిలబడి ఉన్నాడు. కనుమ గంట మోగినప్పుడల్లా ఆ రాయి కొంచెం పైకి పాకుతోంది. నేను బయలుదేరినప్పుడు మోకాళ్ళ దగ్గరుంది. గొంతు దాటిందంటే ఇక ఏ పేరు మోసుకొచ్చినా దండగే.

తూకం వేసేముందు తక్కెడ చూపించడం మా వృత్తి మర్యాద. కాబట్టి ముందు సంగతి చెబుతాను.

మాది ఉప్పు బిడారు. సముద్రం ఒడ్డు మడుల్లో ఉప్పు ఎత్తి, ఎద్దుల మీద వేసుకుని, సింహకనుమ దాటి, రత్నకుంభ రాజ్యంలో అమ్ముకోవడం తాతల నాటి నుంచీ మా బతుకు. నా పేరు బయ్యన. రత్నకుంభానికి రాజు పసివాడు. పెత్తనమంతా రాజగురువు కాలాగ్నిముఖుడిది. "నేను తల్లి కడుపున పుట్టినవాణ్ణి కాను, హోమగుండంలోంచి లేచినవాణ్ణి, నన్ను ఏ ఆయుధమూ తాకదు" అని దండోరా వేయించుకున్న మాంత్రికుడు. వాడే ఈమధ్య కనుమలో ఒక కంచు సింహాన్ని పోసి నిలబెట్టాడు. దారిన పోయేవాడెవడైనా దాని నీడలో నిలబడి, దాని చెవిలో తన ఏడు తరాల పేర్లు చెప్పాలి. తండ్రి వైపైనా సరే, తల్లి వైపైనా సరే. చెబితే దారి. చెప్పలేకపోతే రాయి, సరుకంతా జప్తు. సింహానికి మన తాతలెవరో తెలియదు గాని, నోటిలోంచి వచ్చేది అబద్ధమైతే తెలుస్తుంది.

ఒక్క కాలాగ్నిముఖుడు మాత్రం ఆ నీడ ఎప్పుడూ తొక్కడు. పక్షి మీద ఆకాశాన వస్తాడు, ఆకాశాన పోతాడు. అందరూ చూసిన సంగతే. ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

మా అన్న కొంచెం డాబు మనిషి. వంశకీర్తనలు పాడే ఒక భట్టు దగ్గర మంచి వంశం ఒకటి కొనుక్కున్నాడు. అది సూర్యుడితో మొదలై మా నాన్నతో ముగుస్తుంది, మధ్యలో ముగ్గురు చక్రవర్తులు. మా నాన్న చక్రవర్తి మనవడైతే ఎద్దుల గిట్టలకు నూనె రాసుకుంటూ ఎందుకు బతికాడని నేను అడిగాను. వాడు వినలేదు. మీసం దువ్వుకుని సింహం చెవిలో ఆ కీర్తనంతా చదివాడు. సింహం ఆవులించింది. వాడి పాదాలు బూడిదరంగు తిరిగాయి.

అప్పుడు నేను అసలు పేర్ల కోసం బయలుదేరాను. మొదట బాబాయిల దగ్గరికి వెళ్ళాను, తరవాత పెదనాన్నల దగ్గరికి. అందరూ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ పోసి, వాళ్ళ వాళ్ళ ఎద్దుల పేర్లు గడగడా చెప్పారు. తాతల పేర్లు అడిగితే తల గోక్కున్నారు. చివరికి గడపలో చేటలో ధాన్యం చెరుగుతున్న మా పెద్దమ్మ నవ్వింది.

"మగాళ్ళని అడుగుతావేంట్రా? వాళ్ళ దగ్గర ఎందుకుంటాయి? ఆడపిల్లలతో పంపించేశారుగా!"

మా ఇంట ఒక ఆచారం ఉంది. నేను పెళ్ళిళ్ళలో ఎన్నోసార్లు చూశాను, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు ఒడిలో బియ్యం పోస్తూ, తండ్రి ఆమె చెవిలో ఏదో చెబుతాడు. దీవెన అనుకునేవాణ్ణి. దీవెన కాదట, ఒక తాత పేరు. ఆ రోజు నుంచి ఆ పేరు ఆమె సొత్తు. పుట్టింట్లో మళ్ళీ ఎవరూ దాన్ని పలకరు. మగవాళ్ళు దారుల్లో తిరుగుతారు, దొంగల చేతిలో పోతారు, వాగుల్లో పోతారు. ఇంట్లో ఉన్న ఆడది నిలబడుతుంది. ఒక ఎద్దు కొట్టుకుపోయినా బిడారు మిగలాలని మా పూర్వుల లెక్క. లెక్క మంచిదే. అలా ఇచ్చామన్న సంగతే మరిచిపోవడం మా మగవాళ్ళ తెలివి.

ఇక మేనత్తల వెంట పడ్డాను. ఒకామె మొసళ్ళ మడుగు నడుమ దీవిలో ఉంది. తెప్ప తిరగబడి, మొసలి నోట్లో తెడ్డు అడ్డం పెట్టి ఒడ్డెక్కాను. తడిసి వణుకుతున్న నన్ను చూసి ఆమె అడిగిన మొదటి మాట: "మీ అమ్మ నడుంనొప్పి తగ్గిందా?" ఇంకొకామెను ఒక రాక్షసి తన గుహలో వంటకు పెట్టుకుంది. రాక్షసి నిద్రపోతుంటే దాని జడకు బండరాయి కట్టి ఆమెను తప్పించాను. ఆమె పరిగెడుతూనే పేరు చెప్పింది, పరిగెడుతూనే నన్ను పెళ్ళి ఎందుకు చేసుకోలేదని తిట్టింది. ప్రతి అత్త దగ్గరా ఒక పేరు తీసుకున్నాను, అప్పటిదాకా పోగైనవన్నీ ఆమెకిచ్చాను. ఇచ్చాక తూకం చూసుకుంటే నా దగ్గర ఒక్క గింజ తగ్గలేదు. ఇన్నేళ్ళ వ్యాపారంలో అలాంటి సరుకు నేను చూడలేదు.

ఆరో అత్త గవరమ్మ చివరి మాట చెప్పింది. "మూలపురుషుడి పేరు మా పెద్దక్క సబ్బమ్మ దగ్గరుంది. చచ్చిపోయిందని అందరూ అంటారు. కజ్జలదుర్గంలో ఉందిరా, కాలాగ్నిముఖుడి కోటలో. ఎందుకుందో నేను చెప్పను, వెళ్ళి నీ కళ్ళతో చూడు. ఆ కోటలో ఉప్పు నిషేధం. అది మాత్రం గుర్తుపెట్టుకో."

నేను వ్యాపారిని. ఒక సరుకును ఎవడైనా అంత గట్టిగా ఆపుతున్నాడంటే, దానితో వాడికి ఏదో గట్టి భయమే ఉండాలి. కాబట్టి ఉప్పు తీసుకునే వెళ్ళాలని తేల్చుకున్నాను.

అంతఃపురం దాకా అడ్డు లేకుండా పోగల మగవాడు గాజులవాడొక్కడే. బోలు లక్కగాజులు చేయించి, వాటి నిండా ఉప్పు దట్టించి, మూతులు లక్కతో మూసి, పట్టుతాడుకు గుచ్చి మలారం కట్టాను. తలపాగా మార్చాను, నడక మార్చాను. ఎద్దు వెనక నడిచేవాడు అంగలు వేస్తాడు. గాజులు మోసేవాడు అలా నడిస్తే సగం సరుకు పగులుతుంది.

కజ్జలదుర్గం కొండ నెత్తిన కాటుక కొండలా ఉంది. గోడలు నల్లరాయి, బురుజులు నల్లరాయి, వాటి మీద ఎగిరే జెండాలు మాత్రం నిప్పురంగు. కందకంలో నీళ్ళకు బదులు నీలిమంటలు పారుతున్నాయి. వాటి మీద ఏనుగు దంతాలతో కట్టిన వంతెన. వంతెన చివర పాము పడగల తలుపులు. వాటి పైన ఒక కంచు గుడ్లగూబ. ఎవరైనా అబద్ధం ఆడితే అది కూత పెడుతుంది. కూత వినిపిస్తే కందకంలో మంటలు లేచి ఆ మనిషిని చుట్టుకుంటాయి. వంతెన పక్కన అలా చుట్టుకున్న వాళ్ళ చెప్పులు గుట్టగా పోసి ఉన్నాయి.

ఇద్దరు కాపలావాళ్ళు బల్లేలు అడ్డం పెట్టారు.

"ఎవడివిరా నువ్వు?"

"మలారం భుజాన వేసుకుని ఆడవాళ్ళ మేడకు దారి అడిగేవాణ్ణి మీ ఊళ్ళో ఏమంటారు బాబూ?"

గుడ్లగూబ తల తిప్పింది. కూయలేదు. ప్రశ్నలో అబద్ధం ఎలా ఉంటుంది?

"ఉప్పేమైనా తెచ్చావా?"

"ఉప్పు మోసేవాడికి ఎద్దు ఉండదా? నా వెనక తమరికి ఎద్దు కనిపిస్తోందా?"

"అన్నిటికీ ఎదురు ప్రశ్నలేస్తావేంటి?"

"గాజుల బేరమంటే ప్రశ్నలే కదా దొరా? ఏ రంగు, ఏ కొలత, ఎవరి చేతికి? తమరి ఇల్లాలికి ఏ రంగు ఇష్టమో ఎప్పుడైనా అడిగారా?"

రెండోవాడు పకపకా నవ్వాడు. "వాడెక్కడ అడిగాడు! అందుకే ఆవిడ పుట్టింటికెళ్ళిపోయింది."

అందరం పైకి చూశాం. గుడ్లగూబ కూయలేదు. మొదటివాడు మొహం ఎర్రగా చేసుకుని బల్లెం పక్కకు తీశాడు.

లోపల ఏడు వాకిళ్ళు. పగడాల వాకిలి, పచ్చల వాకిలి, నెమలికంటి రాళ్ళు పొదిగిన వాకిలి. చివర స్ఫటిక మండపం. ఆ స్తంభాల్లో ఎండ విరిగి నేలంతా రంగురంగుల నీళ్ళు పారుతున్నట్టుంది. నడుమ వెండి ఊయల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒంటి మీద పట్టుచీర, ముందు బంగారు పళ్ళెంలో పంచభక్ష్యాలు. ఆమె వాటిని కాకులకు విసురుతోంది. కాకులు కూడా వాసన చూసి వదిలేస్తున్నాయి. ఉప్పు లేని కూడు మరి.

ఆమె గొంతు మీద ఎర్రటి జలగ ఒకటి అంటుకుని ఉంది. నగ కాదు, ఊపిరి తీసుకుంటోంది.

"గాజులబ్బాయ్, ముసలిదాని చేతికి ఎందుకయ్యా గాజులు? పక్క మేడకు వెళ్ళు" అంది.

దాసీలు దూరంగా ఉన్నారు. ఆమె చెయ్యి పట్టుకుని గాజు ఎక్కిస్తున్నట్టు వంగాను. "అత్తా, నేను బయ్యనను. మీ తమ్ముడి చిన్నకొడుకుని."

ఆమె చెయ్యి బిగుసుకుంది. నోరు తెరిచింది. జలగ ఒక్క గుటక వేసి ఉబ్బింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మామూలు మాటలు వదిలేసి, చుట్టరికం మాటలు మాత్రం తాగే జలగ అది.

జలగను ఎలా వదిలించాలో ఉప్పువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. లక్కగాజు నేలకేసి కొట్టి, పిడికెడు ఉప్పు తీసి దాని మీద రుద్దాను. జలగ మెలికలు తిరిగింది, బుడగలు కక్కింది, ఊడి నేల మీద పడి పగిలింది. ఎన్నో ఏళ్ళుగా అది తాగిన మాటలన్నీ ఒక్కసారిగా ఆమె గొంతుతో మండపమంతా మోగాయి.

"నేను ఉప్పుశెట్ల ఆడపడుచుని!" "మా తమ్ముడు ఎలా ఉన్నాడో!" "మా గవరమ్మకు కాన్పు అయిందా?" "ఒరేయ్ తిప్పా, కన్నతల్లిని కట్టేస్తావురా?" "తిప్పా, అన్నం తిన్నావా నాయనా?"

దాసీలు కేకలు పెట్టి పరిగెత్తారు. ఎక్కడో నగారా మోగింది.

అత్త ఇవేమీ పట్టించుకోలేదు. నా అరచేతిలో మిగిలిన ఉప్పు రెండు వేళ్ళతో తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుంది. తరవాత నా చెవి పట్టి మెలిపెట్టింది.

"ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చార్రా మీరంతా?"

"నువ్వు పోయావన్నారత్తా."

"అన్నవాళ్ళు వచ్చి చూశారా?"

ఆ పద్దు మా వాళ్ళందరి మీదా ఉంటుంది.

"తిప్పడెవరత్తా?" అన్నాను.

"ఇంకెవరు, నా కొడుకు! అగ్నిలోంచి లేచాడట, అగ్నిలోంచి! ముందు పుట్టినవాళ్ళిద్దరూ పురిట్లోనే పోతే, వీణ్ణి తిప్ప మీద దొర్లించి, చేటెడు తవుడు పోసి కొనుక్కుని తిప్పన అని పేరు పెట్టుకున్నాను. రాజు కొలువులో చదువుకునే దొరబిడ్డలు ఉప్పువాళ్ళ మనవడా అని వెక్కిరించారు. వీడు వాళ్ళ మీద పడాల్సింది పోయి మన మీద పడ్డాడు. పుట్టుపూర్వోత్తరాలు లోకానికి తెలియనివాణ్ణి ఏ ఆయుధమూ తాకదని ఎవడో గురువు చెప్పాడట. వాళ్ళ నాన్న వైపు వాళ్ళందరినీ రాళ్ళు చేసి కనుమలో నిలబెట్టాడు. నన్ను చంపితే మంత్రం పోతుందని ఇలా బంగారు పళ్ళెంలో చప్పిడి కూడు పెట్టి ఉంచాడు."

లెక్క మొత్తం ఒక్కసారిగా తేలిపోయింది. మమ్మల్ని రాళ్ళు చేస్తున్న మాంత్రికుడు మాకు పరాయివాడు కాదు. మేనత్త కొడుకు. నాకు వరసకు బావ.

"ఒడి పట్టు" అంది అత్త. "బియ్యం లేవు. ఉప్పే పోస్తాను." ఇంకో గాజు విరిచి నా ఉత్తరీయంలో ఉప్పు పోస్తూ, నా చెవిలో ఏడో పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. మీలో ఎవరైనా మాకు చుట్టాలైతే రండి, మజ్జిగ తాగి వినిపోదురు గాని.

అంతలో మండపం మీద నీడ పడింది. పైన గాలి హోరు. రెండు తలల గండభేరుండం ఒకటి మిద్దె మీద వాలింది. దాని వీపు మీంచి కాలాగ్నిముఖుడు దూకాడు. ఎర్రటి జటలు, మెడలో కపాలమాల, చేతిలో నాగదండం. మెట్ల మీద వాడి పావుకోళ్ళ చప్పుడు టకటకా దిగుతోంది.

"ఎవడ్రా నా కోటలోకి ఉప్పు తెచ్చింది?"

"వెనక మెట్లున్నాయి, పద" అంది అత్త. ఆమె కాలిని ఊయలకు కట్టిన గొలుసు నేను రాతితో కొట్టి తెంపాను. వాడు ఒక పక్క మెట్లు దిగుతుంటే మేం ఇంకో పక్క మెట్లెక్కాం. కాపలావాళ్ళ బల్లేలు స్తంభాలకు తగిలి స్ఫటికం ముక్కలై వడగళ్ళలా రాలింది. మిద్దె మీద గండభేరుండం రెండు ముక్కులూ తెరిచి మా మీదికి వచ్చింది. ఒక్కో ముక్కు ఒక్కో నాగలంత ఉంది.

నాకు పక్షుల సంగతి తెలియదు. పశువుల సంగతి తెలుసు. చప్పిడి మేత మేసిన పశువు ఉప్పు చూస్తే యజమానిని మరిచిపోతుంది. రెండు చేతుల్లో ఉప్పు పోసుకుని రెండు తలల ముందూ పట్టాను. అవి ఒక్క నిమిషం ఆగాయి. వాసన చూశాయి. గరుకు నాలుకలతో నా అరచేతుల చర్మం లేచిపోయేలా నాకాయి. తరవాత ఆ పక్షి మోకాళ్ళ మీద కూర్చుంది.

అత్తను ఎక్కించి నేనెక్కాను. కింద నుంచి కాలాగ్నిముఖుడు విసిరిన నిప్పుకణిక నా తలపాగా కాల్చేసింది. అప్పటికే మేం కందకం దాటాం.

ఆకాశంలో ఇంకో గండం. రెండు తలలూ ఇంకా ఉప్పు కావాలని తగువుపడి ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలుపెట్టాయి. పక్షి తలకిందులైంది. కొండలు పైకి, మబ్బులు కిందికి పోయాయి. అత్త ముందుకు వంగి రెండు తలలకూ చెరో మొట్టికాయ వేసింది. "ఛీ, ఊరుకోండి! ఒక కడుపులోకి పోయేదానికి ఇద్దరికీ తగువేంటి?" అవి సర్దుకున్నాయి. ఆ వీపు మీదే మిగతా ఆరు పేర్లూ ఆమె చెవిలో వేశాను. ఒక్కో పేరుకూ ఆమె తల ఊపి, ఆ తాత ఎలాంటివాడో చెప్పింది. ఒకడు నత్తివాడట. ఒకడు వరదలో ఎద్దులను వదిలి మనుషులను దాటించాడట. చక్రవర్తి ఒక్కడూ లేడు. నాకు ఏ లోటూ అనిపించలేదు.

మిట్టమధ్యాహ్నానికి సింహకనుమ కనిపించింది. రెండు ఎర్రకొండల నడుమ కొండంత కంచు సింహం. ఎండకు దాని జూలు కరిగిన బంగారంలా మెరుస్తోంది. దారికి ఇరువైపులా రాతి మనుషులు. బుట్టలు మోస్తున్నవాళ్ళు, పిల్లల చేతులు పట్టుకున్నవాళ్ళు, పారిపోతూ వెనక్కి తిరిగి చూసినవాళ్ళు. పేరు చెప్పలేని పాపానికి అలా నిలబడ్డవాళ్ళు. వాళ్ళ అవతల దారి దొరకని బిడార్లన్నీ ఆగి ఉన్నాయి.

మా అన్న భుజాల దాకా రాయై ఉన్నాడు. కాపలావాడు గంట తాడు మీద చెయ్యి వేశాడు.

"బయ్యా! ఇంత ఆలస్యమేంట్రా?" అన్నాడు అన్న. నోరు మాత్రం రాయి కాలేదు.

"నీ చక్రవర్తులను పలకరించి వస్తున్నాను అన్నయ్యా" అని పక్షి మీంచి సింహం మెడ మీదికే దూకాను. జూలు పట్టుకుని వేలాడుతూ దాని చెవిలో ఏడు పేర్లూ చెప్పాను. ఒక్కో పేరుకూ ఒక్కో జానెడు రాయి అన్న ఒంటి మీంచి పెళ్ళలుగా రాలింది. ఏడో పేరుకు పాదాలు కదిలాయి. వాడు ముందుకు తూలి నేల మీద పడి, తన కాళ్ళను తానే ముద్దు పెట్టుకున్నాడు.

అత్త నా తరవాత ఏడు పేర్లూ చెప్పి, సింహం పొట్ట కింద నీడలో దర్జాగా చతికిలబడింది. ఇద్దరం ముందే అనుకున్నాం. కొనడానికి వచ్చినవాడి కళ్ళ ముందు వాడికి కావలసింది పెట్టాలి, తాను ఎక్కడ నిలబడ్డాడో వాడు మరిచిపోవాలి.

బిడార్లవాళ్ళు మమ్మల్ని చుట్టుముట్టారు. "ఎక్కడ దొరికాయి పేర్లు? ఏ భట్టు ఇచ్చాడు?"

"భట్టూ లేడు, పుట్టా లేదు!" అని అరిచాను. "మీ మేనత్తలను అడగండి! మీ అమ్మమ్మలను అడగండి! మీ ఇళ్ళలో మీరు నోరు మూయించిన ఆడవాళ్ళెవరో వాళ్ళను అడగండి! వాడు మన పేర్లు తీసుకుపోలేదు. మనమే అడగడం మానేశాం!"

ఒక నువ్వుల బేరగాడు బండి మీది ముసలామె వైపు తిరిగాడు. "అమ్మమ్మా, నీకు తెలుసా?" ఆమె బోసినోటితో, "ఇప్పటికి అడిగావురా" అంది. అవతల దూదేకులవాళ్ళు, ఇవతల కంచర్లవాళ్ళు, ఒకరి చెవిలో ఒకరు. కనుమ అంతా గుసగుసలతో తేనెపట్టులా మోగింది. దూరంగా ఒక రాతి మనిషి భుజం మీంచి చిన్న పెళ్ళ రాలడం నేను చూశాను.

అప్పుడు సుడిగాలి వచ్చింది. ఎర్ర దుమ్ము లేచి ఎండ మాసింది. సుడి మధ్యలోంచి కాలాగ్నిముఖుడు తల్లి మీదికి డేగలా దిగాడు. కళ్ళ ముందు తల్లి ఉంది. చుట్టూ జనం గుసగుసలున్నాయి. కాళ్ళ కింద ఏముందో వాడు చూసుకోలేదు.

పావుకోళ్ళు రెండూ సింహం నీడలో దిగాయి.

"రండి బావా, రండి!" అన్నాను. "కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టించమంటారా?"

జనం గొల్లున నవ్వారు. కాలాగ్నిముఖుడు నాగదండం ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఎందుకంటే పైన కంచు మెడ కిర్రుమని తిరిగింది.

"నీ ఏడు తరాలు" అంది సింహం.

"నిన్ను పోసిందే నేను!"

"పోసినప్పుడు నువ్వే చెప్పావు, ఎవరినీ వదలొద్దని."

"నేను అగ్నిలోంచి పుట్టాను. నాకు తరాలు లేవు."

సింహం ఆవులించింది. వాడి పావుకోళ్ళు బూడిదరంగు తిరిగాయి.

వాడు మంత్రం చదివాడు. ఉరుము ఉరిమింది, ఆ అదురుకు కనుమ గంట దానంతట అదే మోగుతూ పోయింది, రాయి ఆగలేదు. వాడి కంటిలో మొదటిసారి మామూలు మనిషి భయం చూశాను. అచ్చం మా నాన్న కళ్ళే.

"బావా, నేను వ్యాపారిని. మీ లెక్క మీకే చూపిస్తాను" అన్నాను. "మీ నాన్న వైపు పేర్లు తెలిసిన ప్రతి మనిషినీ మీరే రాయి చేశారు. అటు వైపు కొట్టు మీ చేత్తోనే మూసేశారు. ఇక మీకు మిగిలింది మా వైపే. మీ అమ్మ మీకు చెప్పబోతే జలగ పెట్టి తాగించారు. ఆ ఏడు పేర్లూ ఈ కనుమలో ఇద్దరి దగ్గరే ఉన్నాయి."

"ఏం కావాలి?" అన్నాడు. గొంతు తగ్గింది. "ఈ దారంతా నీకు రాసిస్తాను. కజ్జలదుర్గం నీకిస్తాను. నా పక్షిని ఇస్తాను. ధర చెప్పు!"

మా అన్న నా ఉత్తరీయం లాగాడు. "దారి అడగరా, దారి!"

నా జీవితంలో ఎన్నో బేరాలు చేశాను. ఎండుటాకుకు కూడా ధర చెప్పగలను. కాని ఒడిలో ఉప్పు పోసి అత్త చెప్పిన ఆ మాటకు ధర కట్టబోతే తక్కెడ కదలలేదు.

"ఇది అమ్మకానికి లేదు బావా" అన్నాను. "ఎంత పెట్టినా పరాయివాడికి ఇవ్వను. చుట్టానికైతే ఊరికే ఇస్తాను. చుట్టమని చెప్పండి. మెల్లగా కాదు, ఈ బిడార్లన్నీ వినేలా. సబ్బమ్మ కొడుకు తిప్పనను, ఉప్పుశెట్ల మేనల్లుణ్ణి అనండి. అప్పుడు ఈ రాళ్ళందరినీ మీ చేత్తో మనుషులను చేయండి. తరవాత మీ అమ్మ మీ చెవిలో చెబుతుంది."

"అంటే నా మంత్రం పోతుంది. ఆయుధాలు తగులుతాయి."

"మాకు రోజూ తగిలేవే. బతుకుతున్నాం కదా!"

రాయి వాడి నడుము దాటింది. కపాలమాల చివరి పుర్రె బూడిదరంగై రాయిలో కలిసిపోయింది. వాడు జనం వైపు చూశాడు, జనం చూపు తిప్పుకోలేదు. ఎప్పుడూ తలలు వంచుకుని ఈ కనుమ దాటినవాళ్ళు ఈసారి నిటారుగా నిలబడి చూస్తున్నారు. గంట తాడు పట్టుకున్న కాపలావాడు కూడా తాడు వదిలేసి, పక్కవాడితో "మా మేనత్త ఇక్కడికి దగ్గర్లోనే ఉంటుంది" అంటున్నాడు.

సబ్బమ్మత్త లేచింది. నా ఉత్తరీయంలోంచి చిటికెడు ఉప్పు తీసుకుని కొడుకు ఎదురుగా నిలబడింది. వాడి ఛాతీ కూడా రాయైంది. ఆమె చెయ్యి వాడి నోటి దాకా చాచింది.

"నోరు తెరువు, ఒరేయ్ తిప్పా" అంది. "చెప్పేదేదో చెప్పు. నా కడుపున పుట్టానని చెప్పు, లేదా అగ్నిలోంచి పుట్టానని చెప్పుకుంటూ రాయైపో. నేను మాత్రం ఈసారి ఊరుకోను. నువ్వెవరో ఊరూరా తిరిగి చెబుతాను."

కాలాగ్నిముఖుడి గొంతు మీద బూడిదరంగు పాకింది. కళ్ళలో ఎర్రజీర మండింది. నాగదండం పడగ విప్పి మెల్లగా మా అత్త వైపు తిరిగింది. వాడి పెదవులు కదిలాయి. వచ్చేది తల్లి పేరో, మారణమంత్రమో మాలో ఎవరికీ తెలియదు.

నేను అత్త పక్కన వచ్చి నిలబడ్డాను. అన్న ఆమెకు అటు పక్కన నిలబడ్డాడు. మా వెనక బిడార్లన్నీ ఒక అడుగు ముందుకు వేశాయి. ఎడమచేతిలో ఉప్పు పట్టుకున్నాను, కుడిచేతిలో మొలలోని కత్తి తీసి పట్టుకున్నాను. ఈ రెండిట్లో ఏది ఖర్చు కావాలో ఇక వాడే తేల్చుకోవాలి.

మాంత్రికుడు నోరు తెరిచాడు.